మావాడు, మాది

గత మాసమున ద్వారకా తిరుమల కల్యాణకట్టకడ మేము కూర్చుండియుండగా, తలనీలాలిచ్చి గుండునిండ గంధము పూయించుకొన్న రెండేండ్ల బిడ్డ యొకటి మా చెంతకు నడచి వచ్చెను. మా ప్రక్కనున్న ముదుసలి యిల్లాలు "మీవాడా, అమ్మా?" యని తల్లి నడిగెను. "కాదండీ, అమ్మాయి" యని యామె నవ్వెను. "అయితే మీదే..." యని ముదుసలి యనబోయి, నాలుక కరచుకొని, "మీ పాపేనా?" యని దిద్దుకొనెను.

సోదరీమణులారా, ఆ తడబాటున కొక కారణము కలదు. "నా కొడుకు, నా కూతురు" అనునపుడు 'నా' మారదు. ఎవరికి చెందినదో తేల్చి చెప్పునపుడే చిక్కు: కొడుకు నావాడు, కూతురు నాది, చేతిలోని చెంబును నాదే! చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణమున స్త్రీవాచకములకు మహతులని ఘనమైన పేరే పెట్టిరి. కాని యేకవచనమున నవి పశువులతోడను జడములతోడను నడచును. అది వారు కల్పించినది కాదు, భాషలో నున్నదే. ఇద్దరు కూతుండ్రైనచో "నావారు". మనకు మర్యాద జంటగా నున్నప్పుడే కాబోలు!

స్పెయినుదేశపు భాషలో మా కుమారుడు 'నుయెస్ట్రో ఇహో', మా కుమార్తె 'నుయెస్ట్రా ఇహా'. ఇల్లును వారికి స్త్రీలింగమే గనుక 'నుయెస్ట్రా కాసా' యందురు. అచ్చట ఇల్లు స్త్రీల పంక్తికి వచ్చినది. ఇచ్చట స్త్రీ యింటి పంక్తికి పోయినది.

వ్యాకరణమును మార్పవలెనని మేమనము. మా యింట మాత్రము "ఈ పిల్ల యెవరిది?" యనుట మాని, "ఎవరి అమ్మాయి?" యని యడుగుచున్నాము.