చీకటి చరిత్రకు టిక్కెట్టు

మన నగరాలలో యిటీవల వొక కొత్త వ్యాపారం బయలుదేరింది. రుసుము చెల్లించిన పదిపదిహేనుమందిని గుంపుగా చేర్చి వీథులవెంట నడిపిస్తూ, ఆ నగరంలో జరిగిన చావులూ, హత్యలూ, కుట్రలూ కథలుగా చెప్పడమే దాని స్వరూపం. లండను నగరంలో, 1888లో వైట్‌చాపెల్ పేట వీథులలో హతులైన నిరుపేద స్త్రీల పేరుమీద యీ వ్యాపారం చాలాకాలంగా సాగుతున్నది. అక్కడ కథానాయకుడు హంతకుడు. ఆ స్త్రీలను రాత్రివేళ వీథిన పడవేసిన ఆకలి ఆ కథలో ప్రధానవస్తువు కాదు. ఆ పద్ధతే యిప్పుడు మన హైదరాబాదుకూ వచ్చింది.

నేనూ వొక ఆదివారం సాయంత్రం ఆ గుంపులో నడిచాను. నావెంట నలుగురు విద్యార్థులున్నారు. అఫ్జల్‌గంజి దగ్గరి చింతచెట్టు, కోఠీ రెసిడెన్సీ, కాచిగూడా - యివి మా మూడు మజిలీలు. ప్రతిచోటా మాకు ఏది చెప్పబడిందో, ఏది చెప్పబడలేదో విచారించడం యీ వ్యాసం వుద్దేశం. ఎందుకంటే, చరిత్రను దాచిపెట్టడం కంటె దానిని వినోదంగా మార్చి చూపడం పాలకవర్గాలకు యెక్కువ లాభసాటి అని నా అభిప్రాయం.

మొదటి మజిలీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. నగరం మొత్తంమీద చనిపోయినవారు దాదాపు 15,000 అని అంచనా. గైడు యీ సంగతులు చక్కగా చెప్పాడు. ఆ తరువాత, ఆరవ నిజాం మహబూబలీఖాను స్వయంగా నదికి హారతిపట్టి శాంతింపజేశాడన్న కథను అంతకంటె చక్కగా చెప్పాడు. శ్రోతలు ఫోటోలు తీసుకున్నారు. అప్పుడు నా విద్యార్థిని వొకతె అడిగింది: "చెట్టెక్కలేకపోయినవాళ్లు ఎవరండీ?"

గైడు వొక క్షణం తడబడి, "అది రికార్డుల్లో లేదమ్మా" అని ముందుకు కదిలాడు. ఆ అమ్మాయి నావైపు చూసింది. యిరవై సంవత్సరాలుగా చరిత్ర బోధిస్తున్న నా దగ్గరకూడా సిద్ధంగా జవాబు లేకపోయింది. యీ వ్యాసం రాయడానికి ఆ చూపే ప్రేరణ.

జవాబు అంత దుర్లభమైనది కాదు. నది పల్లపుటొడ్డున మట్టిగోడల యిళ్లు కట్టుకుని బతికే శ్రామికులను వరద ముందుగా తాకింది. వరద దైవకోపం కూడా కాదు. మూసీ పరీవాహకప్రాంతంలోని వందలాది చెరువులలో రెండువందలకు పైగా ఆ వర్షానికి తెగిపోయాయి. వొక చెరువు తెగి కిందిచెరువుమీద పడింది, అది తెగి దాని కిందిదానిమీద పడింది. ఆ నీరంతా కలిసి రాత్రివేళ నగరంమీదికి వచ్చింది. విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి, ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తిచేశారు. అంటే మనిషి చేయగల పని వున్నదనీ, అది పదిహేనువేల చావుల తరువాతగాని చేయలేదనీ తేలుతున్నది గదా! హారతికథ యీ బాధ్యతను కప్పిపుచ్చుతుంది.

పైగా యిది ముగిసిన కథ కాదు. 2020 అక్టోబరులో నగరం మళ్లీ మునిగింది. చెరువుల శిఖాలలో లేఅవుట్లు వేసినవారు లాభం తీసుకున్నారు. నాలాల పక్కన యిళ్లున్నవారు నీటిలో మునిగారు. 2024లో మూసీ అభివృద్ధి పేరుతో చాదర్‌ఘాట్ ప్రాంతంలో నదిలోపలి పేదల యిళ్లమీద ఎర్రరంగు గుర్తులు పెట్టారు, కొన్నిటిని కూలగొట్టారు. బదులుగా వేరేచోట యిళ్లిచ్చాము కదా అంటారు. పనిచేసుకునే చోటికి దూరంగా విసిరివేయబడిన కూలిమనిషికి గోడలూ కప్పూ చాలవన్న సంగతి వారికి తెలియదా? చింతచెట్టునుంచి ఆ యిళ్లు కాలినడక దూరంలోనే వున్నవి. మమ్మల్ని అటు తీసుకుపోలేదు.

రెండవ మజిలీ రెసిడెన్సీ. అక్కడ మాకు చెప్పింది కర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నిసా బేగంల ప్రేమకథ. ఆ స్త్రీ జీవితం నిజంగానే విషాదం. దానిని నేను తేలికచేయను. కాని ఆ భవనం ప్రేమకు గుర్తుగా లేచినది కాదు. 1798 సైన్యసహకార ఒప్పందంతో నిజాం రాజ్యం కుంపిణీకి లోబడినది. పామర్ కంపెనీ అప్పులు, కంటింజెంటు సైన్యపు ఖర్చులు రాజ్యాన్ని పీల్చివేశాయి. ఆ బకాయిలకింద 1853లో బీరారు సీమ బ్రిటిషువారి చేతికి పోయింది. ఆ లెక్కలన్నిటినీ శాసించిన కచేరీ యీ పాలరంగు స్తంభాల వెనుకనే వుండేది.

1857 జూలై 17న తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలావుద్దీను నాయకత్వాన రొహిల్లాలూ నగరప్రజలూ యీ రెసిడెన్సీమీద దాడిచేశారు. ప్రధాని సాలార్‌జంగ్ బ్రిటిషువారి పక్షాన నిలిచాడు. పట్టుబడిన తుర్రేబాజ్‌ఖాను 1859లో తప్పించుకున్నాడు. అతన్ని తూప్రాను దగ్గర చంపి, శవాన్ని నగరంలో జనం చూసేట్టు వేలాడదీశారు. మౌల్వీని అండమానుకు పంపారు, అక్కడే మరణించాడు. నగరపు చీకటిచరిత్ర చెప్పదలచినవాడికి యింతకంటె చీకటిసంఘటన కావాలా? కోఠీ బస్టాండు దగ్గర వారి స్మారకం వున్నది. మా గుంపు దాని పక్కనుంచే నడిచిపోయింది. గైడు తల తిప్పలేదు. దొర ప్రేమకు అరగంట, ప్రజల తిరుగుబాటుకు అరనిమిషం కూడా లేదు! ఆ ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారన్న సంగతికూడా మాకు చెప్పలేదు.

మూడవ మజిలీ కాచిగూడా. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖానును 1948 ఆగస్టులో రజాకార్లు చేయినరికి చంపింది యీ ప్రాంతంలోనే. గైడు ఆ హత్యను సినిమా కథలా, గొంతు తగ్గిస్తూ పెంచుతూ వర్ణించాడు. కాశింరజ్వీని రాక్షసునిగా చిత్రించాడు. రజ్వీ నేరాలను తగ్గించి చెప్పవలసిన అవసరం నాకు లేదు. కాని రాక్షసుడు వొక్కడే అయితే వ్యవస్థ తప్పించుకుంటుంది. రాజ్యంలోని భూమిలో సుమారు 40 శాతం సర్ఫెఖాస్ కింద, జాగీర్ల కింద వుండేది. వెట్టి, లెవీ, నాగులు వుండేవి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను చంపినవారు విసునూరు దేశముఖు గూండాలు. రజాకార్లు కాపాడబూనినది యీ వ్యవస్థనే. షోయబుల్లాఖాను దానికి యెదురుగా కలం పట్టాడు. రజ్వీ జైలుకు పోయాడు. నిజాము మాత్రం 1950లో రాజప్రముఖుడై 1956దాకా వెలిగాడు. తెలంగాణా రైతులమీదికి వచ్చిన సైన్యం 1951 దాకా వెనుదిరగలేదు.

"పోలీసు చర్యతో చీకటి తొలగింది" అని గైడు కథ ముగించాడు. యిది నిజం కాదు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ సంఘం, పోలీసు చర్య సమయంలోనూ ఆ తరువాతా 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని అంచనావేసింది. హతులలో అత్యధికులు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాల ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దాలపాటు ప్రజల కంటపడలేదు.

యిక్కడ ఆత్మవిమర్శకూడా చేసుకోవాలి. రైతులమీద సైన్యం జరిపిన దౌర్జన్యాలను మనం సభలలో చెప్పినంత గట్టిగా, ఆ నాలుగు జిల్లాల నిరుపేద ముస్లిముల చావులను చెప్పామా? నా తరగతిలో నేను చెప్పలేదు. హతుల మతాన్నిబట్టి మన కంఠం హెచ్చుతగ్గులవుతూవుంటే, గైడును విమర్శించే హక్కు మనకు యెక్కడిది?

కొందరు మిత్రులు అంటారు: "యెట్లాగైనా జనం చరిత్ర వింటున్నారు కదా, ఎందుకు కాదనాలి?" వినడాన్ని నేను కాదనడం లేదు. ఆ గైడు దినభత్యంమీద బతికే యువకుడు; యిచ్చిన పాఠం అప్పజెప్పాడు. నా తగవు పాఠం తయారుచేసినవారితో. భయం పుట్టించి కారణం చెప్పని చరిత్ర, విన్నవాడిని ప్రేక్షకునిగానే యింటికి పంపుతుంది. మా గుంపులో చాలామంది చివర టీ తాగుతూ, దయ్యాలకథలు కూడా వుంటే బాగుండేదన్నారు. హతులనూ దయ్యాలనూ వొకే వరుసలో నిలబెట్టడమే యీ విద్య ఫలితం.

కనుక ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి ఒకటే. యీ వీథులు టిక్కెట్టు వ్యాపారుల సొత్తు కావు. మనమే విద్యార్థులను తీసుకుని నడవాలి. ప్రతిచోటా ఆగి నాలుగు ప్రశ్నలు వేయాలి: చచ్చినవారు ఎవరు? లాభపడినవారు ఎవరు? యీ సంగతి రాసిందీ, దాచిందీ ఎవరు? ఆ కారణం యిప్పటికీ పనిచేస్తున్నదా? మాటలు రాకపోతే రాలేదని ఒప్పుకుని, గ్రంథాలయాలకూ, బస్తీలలోని వృద్ధుల దగ్గరకూ పోయి తెలుసుకోవాలి.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను ఆ నలుగురితోనే మళ్లీ బయలుదేరుతున్నాను. చింతచెట్టు దగ్గర మొదలుపెట్టి, యీసారి రెసిడెన్సీకి పోయే ముందు చాదర్‌ఘాట్ ఒడ్డుకు పోతాము. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారు అక్కడ వున్నారు.