రూపము మారనిచో నొప్పుకొనమా?

అమెరికా రచయిత టి. జె. క్లూన్ 2018లో వెలువరించిన "రేవెన్‌సాంగ్" అను నవలను మేమిటీవల చదివితిమి. తోడేళ్లుగా మారగల మనుష్యుల కుటుంబమొకటి ఆరెగన్ రాష్ట్రమున గ్రీన్ క్రీక్ అను చిన్న యూర నివసించుచుండును. వారికి తోడుగా నుండు మాంత్రికుడు గోర్డో. అతడు మోటారుబండ్లు బాగుచేసి బ్రతుకువాడు. చేతులమీద తండ్రి పొడిపించిన పచ్చబొట్లలోనే యతని మంత్రశక్తి యంతయు నున్నది. చిన్ననాడు ఆ కుటుంబము తన్ను విడిచి వెడలిపోయిన బాధ యతని మనసున మానలేదు. వెడలిపోయినవారిలో మార్కు అను తోడేలుమనిషి యొకడు. వీరిద్దరి ప్రేమయే కథ. ఇద్దరును పురుషులే.

ఇట్టి పుస్తకమును గూర్చి సంపాదకీయము వ్రాయుట యేలయని చల్లపల్లి చదువరులలో పెద్దలు కొందరడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే.

మనిషి మృగమగుట మనకు వింత కాదు. మాయల మరాఠీ బాలనాగమ్మను కుక్కను చేసి కొనిపోయెనని బుర్రకథలలో విన్న వారును, 1942లో జెమినీవారి చిత్రమున చూచిన వారును "అదెట్లు సాధ్యము?" అని లేచిపోలేదు. మన కృష్ణాజిల్లా జమీందారే యగు మీర్జాపురము రాజాగారు 1949లో తీసిన "కీలుగుఱ్ఱము"లో రాణి రాత్రివేళ రాక్షసియైనను జనులు చూచి సంతోషించిరి. మన్యపు కోదులు తమ ప్రాణములో సగము దేహమును వీడి పులియగునని నమ్ముదురని థర్‌స్టన్ దొర 1909 నాటి గ్రంథమున వ్రాసియున్నాడు.

పురుషుడు స్త్రీయగుటయు వింత కాదు. సుద్యుమ్నుడు ఇలయై బుధుని వరించి పురూరవుని గనెనని భాగవతము. పింగళి సూరన కళాపూర్ణోదయమున మణిస్తంభుడు స్త్రీయును, సుముఖాసత్తి పురుషుడును కాగా వారికి కళాపూర్ణుడు పుట్టెను. పదునాఱవ శతాబ్దపు తెలుగు కవి వ్రాసిన మాట యిది. పాశ్చాత్యుల యనుకరణ మనుటకు వీలు లేదు. మన పొరుగూరు కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామయై రంగమునకు వచ్చినప్పుడు పందిరి క్రింది మగవారి చూపు లెట్లుండెనో చూచిన ముసలివా రింకను కలరు. మొవ్వ క్షేత్రయ్య నాయికయై గోపాలుని పిలిచెను. అది భక్తి యని పండితులందురు, మేము కాదనము. అయినను పిలిచినవాడు పురుషుడే, పిలువబడినవాడును పురుషుడే.

కాని వీనిలో ఒక నియమము కలదు. ఇరువురిలో నొకడు స్త్రీ కావలయును. శాపము చేతనో, వరము చేతనో, జడకుచ్చుల చేతనో, తుదకు కంఠస్వరము చేతనో యైనను కావలయును. అప్పుడుగాని మన సాహిత్యము వారికి దారి విడువదు. ఆడవేషమే యనుమతిపత్రము.

క్లూన్ ఆ పత్రమును చూపడు. మార్కు తోడేలగును, స్త్రీ కాడు. గోర్డో మంత్రము వేయును, తనపై వేసికొనడు. తోడేలును కనులార్పక నమ్మిన పాఠకుడు, మగవాడు మగవాని చేయి పట్టుకొనినచోట ఆగిపోవును. మేమును ఆగితిమి, దాచనేల? గోళ్లు పెరుగుట, వెన్ను వంగుట, కన్నులు వెలుగుట గల పుటలన్నియు సులువుగా సాగినవి. ఎన్నడును జరుగని దానిని నమ్మి, మన వీధిలో నిత్యము జరుగుదానిని నమ్మకుంటిమే యని తరువాత సిగ్గుపడితిమి.

గ్రంథమున లోపములు లేకపోలేదు. పాత్రల నోట బూతు అధికము, శృంగారము మఱుగు లేనిది; బాలుర కీయదగినది కాదు. తోడేళ్ల కొక "ఆల్ఫా" యుండుటయు, తక్కినవారతని మాటకు తలయొగ్గుటయు చల్లపల్లి జమీ దినములెఱిగిన వారికి రుచింపవు. ప్రకృతిలో నిట్లు లేదు కూడ. 1947లో షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు జంతుశాలలో బంధింపబడిన తోడేళ్లను చూచి యీ పెత్తనపు వాదమును లేవదీసెను. దానిని లోకమున వ్యాపింపజేసిన వారిలో నొకడగు మెక్ అను నతడే 1999లో, అడవిలోని మంద తల్లియు తండ్రియు పిల్లలును గల సంసారమే యని దిద్దుకొనెను. నవలాకారులింకను దిద్దుకొనలేదు.

ఈ ప్రేమయే విదేశీయమని యనువారికి మా యుత్తర మొకటి. దానిని నేరమని వ్రాసిన 377వ విధి మెకాలే నాటి దొరల శిక్షాస్మృతిలోనిది. 1862లో మన నెత్తికెక్కినది. దొరలు పోయిన డెబ్బదియొక్క యేండ్లకు, 2018 సెప్టెంబరు 6న, సుప్రీంకోర్టు ధర్మాసనము వయోజనుల పరస్పర సమ్మతమగు సంబంధమునకు దానిని వర్తింపజేయరాదని తీర్పు చెప్పెను. ప్రేమ స్వదేశీయము, సంకెల విదేశీయము. వివాహమునకు మాత్రము 2023 అక్టోబరు తీర్పులో గుర్తింపు లభింపలేదు.

తీర్పు వచ్చినను పెండ్లిచూపులు రాక మానవు. మగపిల్లవాడు తలవంచి కూర్చుండును, "పెండ్లియైనచో సర్దుకొనును" అని మేనమామ యనును. సర్దుకొనదు. ఏమియు నెఱుగని యాడపిల్ల యొకతె తన తప్పేమో తెలియక యేడ్చుచు పుట్టింటికి చేరును. ఆ పిల్లవాడేమగునో యెవరును విచారింపరు. అట్టివానికి మన సంతలో దొరకు పేర్లన్నియు తిట్లే. వానిని మేమిచట నచ్చువేయము. తన్ను గూర్చి తిట్టు కాని మాట యొకటి యచ్చులో చూడవలయునన్న నతడు సెల్‌ఫోనులో, పరభాషలో వెదకికొనవలసియున్నది. కన్నడమున వసుధేంద్ర వ్రాసిన "మోహనస్వామి" తెలుగులోనికి వచ్చినది. మన పఠనమందిరములలో నెన్నింట నది బల్లమీద కనబడును?

తెలుగున నిట్టి యద్భుత కథ వ్రాయదలచినవారు తోడేలును ఎరువు తెచ్చుకొన నక్కరలేదు. కృష్ణ సముద్రమున గలియు చోట మడయడవులలో బావురుపిల్లి కలదు. రాత్రివేళ నీటిలో దిగి చేపలు పట్టును, మనిషి యలికిడికి మాయమగును. పగలు వలలల్లుకొను పడుచువాడు రాత్రి యాపిల్లి యగునని వ్రాయుడు, మేము నమ్మెదము. తెల్లవారినంతనే యతడు మరల మగవాడై గట్టెక్కునప్పుడు, అతనికై యచట కాచియున్న వానినిగూడ మగవానిగనే యుండనిండు.