సభ్యుల డైరెక్టరీ: ఈ ఫారం మాకొద్దు

డైరెక్టరీ కావాలా అంటే కావాలి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాం, రేపు ఎవరూ మమ్మల్ని మంచి పనికి అడ్డం పడ్డారని అనకుండా. బళ్ళారి నుంచి బరంపురం దాకా, సోలాపూర్ నుంచి యానాం దాకా చెదిరి ఉన్న తెలుగు క్రైస్తవులు అవసరానికి ఒకరికొకరు దొరకాలంటే ఏదో ఒక జాబితా ఉండాల్సిందే. మన అసోసియేషన్ ఆ పని ఆన్‌లైన్‌లో చేయాలనుకోవడం సంతోషం. కానీ అందుకోసం శాఖలకు పంపిన ముసాయిదా ఫారం చూశాక మేం ఊరుకోలేకపోతున్నాం.

అందులో ఏమేం అడిగారో చూడండి. ఇంటిపేరు, పూర్తి పేరు, సర్టిఫికెట్లలో వేరే పేరుంటే ఆ పేరు, తండ్రి లేక భర్త పేరు, కులం, ఉపకులం, ఏ మిషను సంఘం, బాప్తిస్మం తీసుకున్న తేదీ, ఉద్యోగం, నెల ఆదాయం, పెళ్ళికావలసిన పిల్లల వివరాలు, ఇంటి చిరునామా, సెల్ నంబరు, ఫోటో. అడుగున ఇంటి యజమాని సంతకం. నింపిన వివరాలన్నీ వెబ్‌సైటు చూసేవారందరికీ కనిపిస్తాయట.

ఈ డైరెక్టరీ ఎవరికోసం? కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాక మారికుప్పంలో తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే కుటుంబాలున్నాయి. తమిళనాడు పట్టణాల్లో తరతరాలుగా వీధులు ఊడుస్తూ ఇంట్లో ఇంకా తెలుగే మాట్లాడుకునే అరుంధతీయులున్నారు. ముంబయిలో ఒక పేటకు కామాటిపుర అన్న పేరే అక్కడ దిగిన తెలుగు కూలీల వల్ల వచ్చింది. ఇలాంటి మనవాళ్ళకు జాబితాతో పని ఏమిటి? కూతుర్ని నర్సింగు చదువుకు మంగళూరు పంపితే, ఆదివారం ఆరాధనకు తోడు తీసుకెళ్ళే ఒక తెలుగు కుటుంబం కావాలి. ఊరుకాని ఊళ్ళో చావు జరిగితే సమాధికి జాగా ఎవరిని అడగాలో, నాలుగు మాటలు తెలుగులో చెప్పి ప్రార్థన చేసే పాస్టరుగారు ఎక్కడ దొరుకుతారో తెలియాలి. బరంపురం పెద్దాసుపత్రిలో రాత్రిపూట రక్తం కావలసి రావచ్చు. యానాం కుర్రవాడికి చెన్నైలో రెండు రోజుల పరీక్ష ఉంటే తలదాచుకునే చోటు కావాలి.

వీటిలో దేనికీ అవతలివాళ్ళ ఉపకులం అక్కరలేదు. నెల ఆదాయం అసలే అక్కరలేదు. మరి ఆ గళ్ళు ఎందుకొచ్చాయి? అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనరు. పెళ్ళి సంబంధాలకు, ఓట్లకు. పైగా కులం గడి తీసేస్తే సరిపోదా అని ఒక పెద్దాయన రాజీ కుదర్చబోయారు. సరిపోదు. ఇంటిపేరు గడి ఉంచితే కులం గడి ఉంచినట్టే. మనవాళ్ళలో ఇంటిపేరు విని ఊరు, వాడ, వాడలో ఏ వైపో చెప్పగల నిపుణులకు కొదవలేదు. తమిళనాడులో పెరిగిన మన పిల్లలు తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రం పెట్టుకుని ఆ పీడ వదిలించుకున్నారు. వాళ్ళ చేత కూడా ఇంటిపేరు తవ్వించి రాయిస్తుందీ ఫారం.

అన్నిటికన్నా ప్రమాదం ఆ సర్టిఫికెట్ పేరు గడి. మన ఇళ్ళలో చాలామందికి రెండు పేర్లు. బడి రికార్డులో వెంకటేశు, సంఘంలో యోహాను. రేషను కార్డులో లక్ష్మి, ప్రభువు బల్ల దగ్గర మరియమ్మ. ఇది ఎందుకు జరిగిందో యువత తెలుసుకోవాలి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా, హిందూ మతం కానివారు ఎస్సీలు కారని చెప్పింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. బాప్తిస్మం తీసుకున్న మాలవాడు మాదిగవాడు ఆంధ్రప్రదేశ్‌లో 15 శాతం కోటా నుంచి బీసీ-సి కిందున్న 1 శాతంలోకి పడిపోతాడు. వాడ మారదు, వాడలో ఇల్లు మారదు, ఊళ్ళో పిలిచే పిలుపు మారదు. కాగితం మాత్రం మారుతుంది.

వలస వచ్చినవాళ్ళకు ఆ కాగితం సంపాదించడమే ఒక యుద్ధం. మహారాష్ట్రలో ఎస్సీ సర్టిఫికెట్ కావాలంటే 1950 ఆగస్టు 10కి ముందు నుంచే కుటుంబం అక్కడ ఉన్నట్టు రుజువు చూపమంటారు. కూలికి వచ్చిన ముత్తాత రుజువులు ఎక్కడ దాచాడు? ఆగస్టు 10ని మనం చీకటి దినంగా పాటిస్తాం కదా, తెలుగు దళితుడికి ముంబయిలో ఆ తేదీ మతం పేరుతో ఒకసారి, వలస పేరుతో ఒకసారి అడ్డొస్తుంది.

ఇప్పుడు 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. కేసు మన పక్కదే, యానాం ఏ పాలన కింద ఉందో ఆ పుదుచ్చేరిదే. ఒక మహిళ ప్రభుత్వోద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. తాను హిందువునని చెప్పుకుంది. కోర్టు ఒప్పుకోలేదు. నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఆమెకు వ్యతిరేకంగా నిలిచిన సాక్ష్యాల్లో ఒకటి, పసితనంలో చర్చిలో ఆమెకిచ్చిన బాప్తిస్మం నమోదు. తీర్పు మీద మా అభిప్రాయం వేరే చెప్పనక్కరలేదు. ఇక్కడ గమనించాల్సింది ఆ నమోదు ఎక్కడిదన్నది. అది చర్చి రిజిస్టరు. బీరువాలో ఉండే పుస్తకమే కోర్టు దాకా నడిచి వెళ్ళింది. మనం పెట్టబోయేది బీరువా కూడా లేని చోట. బాప్తిస్మం తేదీ ఒక గడిలో, సర్టిఫికెట్ పేరు పక్క గడిలో, ఫోటో పైన. వెతికేవాడికి అంతకన్నా ఏం కావాలి?

సీట్ల సంగతే కాదు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవుడై పాస్టరుగా ఉన్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని ఆయన పెట్టిన కేసు కొట్టేసింది. అంటే కులం పేరుతో తిట్టినా కొట్టినా, నిందితుడి వకీలు ముందు వెతికేది బాధితుడి చర్చి సభ్యత్వాన్నే. ఆ వెతుకులాట మనం సులువు చేసి పెడదామా?

ఇక్కడ కొందరు పెద్దలకు కోపం వస్తుంది. దీపం వెలిగించి కుంచం కింద పెడతారా, ప్రభువును ఒప్పుకోవడానికి సిగ్గా, రెండు పేర్లు పెట్టుకోవడం అబద్ధం కాదా అంటారు. ఈ మాట అనేవాళ్ళలో సీటు పోగొట్టుకున్నవాళ్ళు మాకు పెద్దగా కనబడలేదు. ఎస్సీ కోటాతో పని లేని కులాల నుంచి వచ్చినవారికి, లేదా తండ్రుల తరంలో మిషను ఉద్యోగాలతో నిలదొక్కుకున్నవారికి ఒకే పేరుతో బతకడం తేలిక. రెండు పేర్లు పెట్టింది మరియమ్మ కాదు, మూడో పేరా. ఆ పేరా పోవాలని మనం పోరాడుతున్నాం, 2022లో వేసిన బాలకృష్ణన్ కమిషన్ ముందూ అదే వాదం ఉంది. పోరాటం గెలిచేదాకా మనవాళ్ళ గుట్టు మనమే రచ్చకెక్కించడం సాక్ష్యం అనిపించుకోదు. తన దీపాన్ని తాను పైకెత్తితే అది సాక్ష్యం. పక్కింటి దీపాన్ని లాక్కొచ్చి వీధిలో పెడితే దానికి వేరే పేరుంది.

మతమార్పిడి చట్టాల సంగతి ఇంకొకటి. ఒడిశాలో 1967 నుంచి అలాంటి చట్టం ఉంది. కర్ణాటకలో 2022లో చేశారు. దాన్ని రద్దు చేస్తామని 2023లో మంత్రివర్గం తీర్మానించింది కానీ చట్టం ఎలా పుట్టిందో మనం మరచిపోకూడదు. దాని ప్రకారం రక్తసంబంధీకులే కాదు, కలిసి పనిచేసేవాడు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆఫీసులో పొసగని ఒకడికి మన డైరెక్టరీలో నిరుటి బాప్తిస్మం తేదీ దొరికితే చాలు. 2021లో అదే కర్ణాటకలో శాసనసభ్యుల కమిటీ ఒకటి చర్చిలను, మిషనరీలను సర్వే చేసి లెక్క తీయమన్నప్పుడు బెంగళూరు ఆర్చిబిషప్ దగ్గర నుంచి పౌరహక్కుల సంఘాల దాకా ఎదిరించారు. ఆ జాబితా అల్లరిమూకల చేతికి పోతే మా గతి ఏమిటని అడిగారు. మనమూ ఆ గొంతులో గొంతు కలిపాం. ప్రభుత్వం అడిగితే ఇవ్వమన్న జాబితాను ఇప్పుడు మనమే ఫోటోలతో సహా అచ్చేసి ఇస్తామా? 1984లో ఢిల్లీలో సిక్కుల ఇళ్ళు గుర్తుపట్టడానికి ఓటర్ల జాబితాలు వాడారు. ఆ జాబితాలు తయారుచేసినవాళ్ళు చంపడానికని తయారుచేయలేదు.

ఒక అభ్యంతరాన్ని మాత్రం మేం గౌరవిస్తాం. కులం లెక్క లేకపోతే సంఘాల్లో వివక్ష ఎలా బయటపడుతుంది, బిషప్పులు ఎవరు, కమిటీల్లో ఎవరు, సమాధుల తోటలో గోడ ఎవరికీ ఎవరికీ మధ్య అని అడిగే యువకులున్నారు. న్యాయమైన ప్రశ్న. లెక్క కావాలి. కానీ లెక్కకు పేరు అక్కరలేదు. పేరు, ఫోను లేని చీటీల మీద శాఖలవారీగా సర్వే చేసి, అంకెలు మాత్రం ప్రచురిద్దాం. ఆ సర్వేకు మేమే ముందుంటాం. అయినా వివక్ష బయటపెట్టడానికని కులం గడి కావాలన్నవారు, అదే ఫారంలో పెళ్ళికావలసిన పిల్లల గడిని ఎందుకు వదిలేశారో చెప్పాలి. క్రీస్తులో భేదం లేదని ఆదివారం ప్రసంగించి, సోమవారం ఉపకులం చూసి సంబంధం వెతుక్కునే మన జబ్బుకు వెబ్‌సైటులో ఒక శాశ్వత విభాగం కేటాయించడమే అది. పైగా ఇరవై ఏళ్ళ ఆడపిల్ల ఫోటో, సెల్ నంబరు లోకమంతా చూసేచోట పెట్టాక ఆ ఫోను ఎన్నిసార్లు మోగుతుందో ఏ అక్కనడిగినా చెబుతుంది.

ఇంటి యజమాని సంతకం సంగతీ అంతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఎవరి సమాచారానికి వారి సమ్మతే ఉండాలంటుంది. అది ఫలానా పనికని స్పష్టంగా చెప్పి తీసుకున్నదై ఉండాలి. ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. 18 ఏళ్ళ లోపువారికి తల్లిదండ్రుల ధ్రువీకరించిన అనుమతి కావాలి. భర్త సంతకంతో భార్య నంబరు ఎక్కించడం చట్టానికీ పొసగదు, మర్యాదకూ పొసగదు. ఇంటి యజమాని అన్న గడి కింద విధవరాలు, ఒంటరి స్త్రీ, హాస్టల్లో ఉండే అమ్మాయి ఎక్కడ రాయాలో కూడా ఫారం చెప్పదు.

బైబిల్లో రెండు రకాల జాబితాలున్నాయి. నెహెమ్యా 7వ అధ్యాయంలో చెర నుంచి తిరిగొచ్చినవారి వంశాల పట్టిక ఉంది. వంశావళిలో పేరు దొరకని కొందరిని యాజకత్వం నుంచి తప్పించారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు రాసిన పేర్ల వరస ఇంకోటి. ఫీబే ఏం చేసిందో, ప్రిస్కిల్ల అకులలు ఎవరికోసం ప్రాణాలకు తెగించారో, ఎవరి ఇంట సంఘం కూడుతుందో ఉంటుంది. మనకు కావలసిన డైరెక్టరీ అక్కడ ఉంది.

అంటే మనుషుల జాబితా కాదు, సాయం జాబితా. ఊరి పేరు కొడితే ఆ ఊళ్ళో తెలుగు ఆరాధన ఎక్కడ, ఎన్ని గంటలకు, రక్తం ఎవరిస్తారు, హాస్టలు వెతకడానికి ఎవరు తోడొస్తారు, మైనారిటీ, బీసీ సర్టిఫికెట్ల గురించి తెలిసినవారు ఎవరు, సమాధికి జాగా ఎలా దొరుకుతుంది అన్నవి రావాలి. సాయం చేస్తానని ముందుకొచ్చినవారి పేరే, వారు పిలిపించుకోవాలనుకున్న పేరే ఉండాలి. నంబరు పైకి కనిపించకూడదు. అడిగినవారి సందేశం ఆ శాఖ బాధ్యుడి ద్వారా చేరాలి, ఆ బాధ్యుల్లో ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలి. స్మార్ట్‌ఫోను లేని పెద్దవాళ్ళ కోసం శాఖకొక మామూలు ఫోను. ముంబయి, బెంగళూరుల్లో తెలుగు మాట్లాడగలిగినా చదవలేని పిల్లలున్నారు కాబట్టి, ఊరి పేరును మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా లిపుల్లో కొట్టినా దొరకాలి. ఖర్చుకు డబ్బు లేదన్న సాకు చెప్పవద్దు. ఫోటోలు, వంశావళులు తీసేస్తే పని సగానికి సగం తగ్గుతుంది.

చివరిగా అత్యవసరమైన సంగతి. కొన్ని శాఖల్లో పాత ఫారాలు ఇప్పటికే నింపించారు. కొన్ని ఎక్సెల్‌లో ఎక్కించి వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకున్నారు కూడా. ఆ ఫైళ్ళు ఎవరెవరి ఫోన్లలో ఉన్నాయో శాఖ కార్యదర్శులు రాసిచ్చి, తర్వాతి కార్యవర్గ సమావేశం ముందే అన్నిటినీ తుడిచేయాలి. కాగితం ఫారాలు ఎవరివి వారికి తిరిగి ఇవ్వాలి. అప్పటిదాకా మాలో ఎవరమూ ఆ ఫారం నింపం, మా శాఖల్లో ఎవరిచేతా నింపించం.