రొమ్ములో గడ్డ, ఫోనులో పరభాష

మన దేశంలో 2022లో దాదాపు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము కేన్సర్ వచ్చిందనీ, ఆ ఒక్క ఏడాదే 98,000 మందికి పైగా దానితో చనిపోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం అంచనా. భారతీయ స్త్రీలకు వచ్చే కేన్సర్లలో నేడు ఇదే మొదటిది. తొలిదశలో పట్టుకుంటే చాలావరకు నయం చేయగల జబ్బు. కాని మన స్త్రీలలో ఎందరో గడ్డ ముదిరి, పుండయిన తర్వాతే దవాఖాన మెట్లెక్కుతున్నారు. ఈ లెక్కలకు భాషోద్యమ పత్రికలో ఏం పని అని పాఠకులు అడగవచ్చు. నాందేడ్ జిల్లా తెలుగు తల్లుల విషయంలో ఇది భాషా సమస్య కూడా కనుకనే రాస్తున్నాను.

1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు మరాఠ్వాడాతో పాటు నాందేడ్ కూడా బొంబాయి రాష్ట్రానికి పోయింది. 1960 నుంచి అది మహారాష్ట్ర. కిన్వట్, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ పల్లెల్లో ఎన్నో ఇళ్లలో తెలుగు నిలిచే ఉంది. బడికెళ్లిన పిల్లలకు మరాఠీ వచ్చు. సంతకూ కచేరీకీ తిరిగే మగవారికీ వచ్చు. ఇల్లు, చేను దాటని యాభై, అరవై ఏళ్ల తల్లికి కూరగాయల బేరానికి చాలినంత మరాఠీ వస్తుంది. రొమ్ములో చేతికి తగిలిన గట్టిదనం గురించి చెప్పుకునే మరాఠీ ఆమెకు రాదు.

జ్వరం సంగతైతే కొడుకు అనువదిస్తాడు, మనవడు అనువదిస్తాడు. ఈ సంగతి కొడుకు నోట వినగలదా? దెగ్లూర్ వైపు ఒక పల్లెలో నేను కూర్చున్న ఇంటికి ఒకసారి రికార్డు చేసిన సందేశమొకటి ఫోనులో వచ్చింది. ‘స్తన’ అన్న మాట, ‘గాఠ్’ అన్న మాట, ‘కర్కరోగ్’ అన్న మాట నాకు వినిపించాయి. తల్లి ఫోనును కొడుక్కిచ్చింది. పదిహేడేళ్ల పిల్లవాడు రెండు క్షణాలు విని, ముఖం ఎర్రబడి, “ఏదో కంపెనీవాళ్ల ఫోన్‌లే అవ్వా” అని పెట్టేశాడు. అతన్ని తప్పుపట్టలేను. ఆ సందేశం పంపినవారి లెక్కలో మాత్రం అది చేరిన ఫోనే అయి ఉంటుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము స్వయంగా వాడుకునే సెల్‌ఫోను ఉన్న స్త్రీలు 54 శాతం. అదే సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు ఒక్క శాతం కూడా లేరు. ఫోను చేరిన ఇంటికి పరీక్ష చేరలేదన్నమాట. ఆ దూరాన్ని ఫోనుతోనే తగ్గించవచ్చునని ప్రభుత్వానికీ తెలుసు. గర్భిణులకు, బాలింతలకు వారం వారం ఫోను చేసి సలహా వినిపించే ‘కిల్‌కారీ’ పథకం అలాంటిదే. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా 72 సందేశాలు. 2024 ఫిబ్రవరిలో అది మహారాష్ట్రకు వచ్చింది, మరాఠీలో. తెలుగు సందేశాలు అంతకుముందే తయారై ఉన్నాయి. వాటిని ధర్మాబాద్ గర్భిణికి వినిపించడానికి కొత్తగా ఖర్చయ్యేది దాదాపు ఏమీ లేదు. బ్యాంకుకు ఫోను చేస్తే ఏ భాషకు ఏ అంకె నొక్కాలో అడుగుతున్నారు. డబ్బు సంగతికి ఉన్న మర్యాద ప్రాణం సంగతికి ఉండవద్దా!

భాష ఒకటే అయినా మాట చేరకపోవచ్చునని అమెరికా నల్లజాతి స్త్రీల అనుభవం చెబుతుంది. తెల్లజాతి స్త్రీలకన్నా వారికి ఈ జబ్బు కాస్త తక్కువగానే వస్తుంది. దానితో చనిపోయే రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. జబ్బు ఆలస్యంగా బయటపడడం, వైద్యం సమంగా అందకపోవడం, మొండి రకం గడ్డలు వారిలో ఎక్కువ కావడం ఇందుకు కారణాలు. వారి ఇంటి భాష ఇంగ్లీషే, కరపత్రాలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అయినా అవి చాలలేదు. 1990ల మొదట్లో ఆర్కన్సా రాష్ట్రంలో ‘విట్‌నెస్ ప్రాజెక్ట్’ అనే ప్రయత్నం మొదలైంది. జబ్బు నుంచి బయటపడిన నల్లజాతి స్త్రీలే చర్చిలలో నిలబడి తమ కథ తాము చెప్పారు. ఇప్పుడు చికిత్సలో ఉన్నవారికి అలాంటి విద్యను సెల్‌ఫోనులో అందించే ప్రయత్నాలూ జరుగుతున్నాయి. కనుక మన కోరిక అనువాదంతో ఆగకూడదు. ‘స్తన స్వీయ పరీక్ష’ అని గ్రాంథికంగా పలికే గొంతు బిలోలి పల్లెలో మరాఠీ అంత దూరంగానే వినిపిస్తుంది. గడ్డ, దవాఖాన, ఎరుక, ఇవీ మన తల్లుల మాటలు.

సందేశం విన్న స్త్రీని తాకి చూసే చెయ్యి కూడా కావాలి. ముంబై టాటా స్మారక ఆస్పత్రి 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది స్త్రీలతో ఇరవై ఏళ్లు నడిపిన పరిశోధన ఫలితాలు 2021లో వెలువడ్డాయి. డాక్టర్లు కాని మహిళా కార్యకర్తలు శిక్షణ పొంది చేతులతో చేసిన పరీక్షవల్ల జబ్బు ముందుగా బయటపడింది. 50 ఏళ్లు దాటినవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో ఆ మేలు కనిపించలేదు, ఆ మాటా దాచనక్కరలేదు. 30 ఏళ్లు దాటిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్ష జరగాలని కేంద్రం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆశా కార్యకర్త నింపే పత్రంలో రొమ్ములో గడ్డ ఉందా, చనుమొన నుంచి రక్తం కారుతోందా, ఆకారం మారిందా అనే ప్రశ్నలు ఉన్నాయి. ఆ ప్రశ్నను తెలుగులో అడిగితేనే మన తల్లి నిజం చెబుతుంది.

అడిగే హక్కు మనకుంది. జిల్లాలోగాని, అంతకన్నా చిన్న ప్రాంతంలోగాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువడాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఒప్పుకున్న రక్షణ. మన తహశీళ్లలో ఆ శాతం ఎక్కడెక్కడ దాటుతుందో జనగణన మాతృభాషా పట్టికలు తీసి, వాటిని జతచేసి జిల్లా కలెక్టరుకూ, జిల్లా పరిషత్ ఆరోగ్యాధికారికీ విన్నపం ఇవ్వాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఆ విన్నపాన్ని తెలుగులోనే రాయవచ్చు. మరాఠీ ప్రతి ఒకటి జతపరిస్తే మర్యాదగానూ ఉంటుంది, పనీ త్వరగా అవుతుంది.

విన్నపానికి బదులు వచ్చేదాకా ఊరుకోవద్దు. చదువుకున్న ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో ఆమె గొంతుతోనే ఒక సందేశం రికార్డు చేసి అత్తలకు, పిన్నులకు, వదినలకు పంపండి. అందులో ఇంత ఉంటే చాలు: “రొమ్ములోగాని చంకలోగాని గడ్డ తగిలితే, చర్మం సొట్టబోతే, చనుమొన లోపలికి పోతే, రక్తం కారితే దాచకు. నొప్పి లేదని ఊరుకోకు, మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు. చాలా గడ్డలు కేన్సర్ కావు, అయినా చూపించాలి. పసర్లు కట్టకు, కోయించకు. ఈ వారంలోనే ఆశా దగ్గరికో దవాఖానకో పోదాం, నేను తోడు వస్తాను.” నిమిషం దాటనివ్వకండి, దాటితే ఫోను పెట్టేస్తారు.