ఇసుక ఏటికి వంతెన ఎందుకు?

2022 సెప్టెంబరు 6న నెల్లూరులో పెన్నా నదిపై కొత్త బ్యారేజీ, దానితో కలిపి కట్టిన వంతెన ప్రారంభమయ్యాయి. ఇటువంటి ప్రారంభోత్సవాలలో మనం సాధారణంగా వినేది వంతెన పొడవు, అయిన ఖర్చు, కలిసివచ్చే వాణిజ్యం. వైద్యుడిగా నాకు తట్టే ప్రశ్న వేరు: రోగి ఆసుపత్రికి ఎన్ని నిమిషాలు ముందుగా చేరగలడు?

ఆ పెన్నే ఎగువన మన అనంతపురం పీఠభూమి మీదుగా సాగుతుంది. పామిడి వద్ద సంవత్సరంలో అధికకాలం కనిపించేది ఇసుకే. చిత్రావతి స్థితీ అంతే. అందువల్లనే ‘నీరు లేని ఏటికి వంతెన దేనికి?’ అన్న మాట ఇక్కడ తరచు వినిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కాని, ఆ మాట ప్రాణాంతకమైనది.

ఈ జిల్లాలో సాలీనా కురిసే వర్షం దాదాపు 550 మిల్లీమీటర్లు. అందులో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరు మాసాలలో కొద్ది రోజులలోనే పడిపోతుంది. పలుచని ఎర్రనేల, దాని కింద బండ. నీరు ఇంకే అవకాశం తక్కువ. పైన ఒక చెరువు తెగితే దాని భారం కింది చెరువు మీద పడుతుంది. నిన్న పిల్లలు ఆడుకున్న వంక నేడు మనిషిని మింగగలదు.

2021 నవంబరు 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి వద్ద జరిగినది మీకు గుర్తుండే ఉంటుంది. చిత్రావతిలో కారు చిక్కుకుంది. అందులోనివారిని రక్షించబోయిన జేసీబీ సైతం వరద మధ్య నిలిచిపోయింది. చివరకు పదిమందిని వాయుసేన హెలికాప్టరు కాపాడవలసివచ్చింది. అదే వరదలలో కమలాపురం వద్ద పాపాఘ్ని వంతెన కూలి, కడప–అనంతపురం రహదారి తెగిపోయింది. హెలికాప్టరు అందరికీ రాదు కదా!

ఇప్పుడు కాలం లెక్క చూడండి. ప్రసవానంతరం తీవ్ర రక్తస్రావమైన తల్లి, చికిత్స అందకపోతే రెండు గంటలలోనే మరణించవచ్చు. పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆలస్యమైన ప్రతి నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయి. పాము కాటుకు విరుగుడు ఆసుపత్రిలో ఉంటుంది, రోగి ఏటికి ఈవలి ఒడ్డున ఉంటాడు.

వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించేటప్పుడు ఆ దారిన తిరిగే వాహనాలను లెక్కిస్తారు. పల్లెదారిలో వాహనాలు తక్కువే. కనుక ఆ ఊరి వంతు ఎన్నటికీ రాదు. దానితోపాటు ఏడాదిలో ఆ ఊరు ఎన్ని రోజులు తెగిపోతున్నదో, ఆ రోజులలో రక్తనిధి, శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి చుట్టుదారి ఎంతో కూడా లెక్కించాలని నా అభిప్రాయం. అలా చూస్తే నగరానికి రెండవ వంతెనకంటే ముందు కొన్ని పల్లెలకు మొదటి వంతెన దక్కుతుంది. కట్టిన వంతెన స్తంభాల చుట్టూ ఇసుక తవ్వడం ఆ వంతెనకు గొయ్యి తవ్వడమే. ఆ మాట ఊరివారు ధైర్యంగా చెప్పాలి.

వంతెన వచ్చేవరకు మీరు చేయవలసినవి ఉన్నాయి. వేగంగా పారే నీరు అర అడుగే ఉన్నా మనిషిని పడదోయగలదు. అడుగు లోతులో చిన్న కార్లు తేలిపోగలవు. మట్టినీటి కింద రోడ్డు మిగిలి ఉన్నదో లేదో మీకు కనిపించదు. కాజ్‌వే మీద నీరు పారుతుంటే దాటకండి, ‘రోజూ తిరిగే దారే’ అనుకోకండి. ప్రసవం దగ్గరపడిన గర్భిణిని, డయాలసిస్ అవసరమైనవారిని వాన హెచ్చరిక రాగానే ఆసుపత్రి ఉన్న ఒడ్డుకు చేర్చండి, బంధువుల ఇంట ఉంచినా సరే. 108కు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతోపాటు ఏటికి ఏ ఒడ్డున ఉన్నారో, కాజ్‌వే మునిగిందో లేదో మొదటే చెప్పండి. వాహనం మరో దారిన బయలుదేరే వీలుంటుంది.