కొత్త గుండెకు కాపలా



2021 ఫిబ్రవరి 2న హైదరాబాదు మెట్రో రైలు ఒక గుండెను మోసుకుపోయిన సంగతి మీరు వినే ఉంటారు. నాగోలు నుండి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా ఆ రైలు నడుమ ఎక్కడా ఆగలేదు. మెదక్‌లోని మా బడిలో ఈ సంగతి చెబితే తరగతి అంతా చప్పట్లు కొట్టింది. ఒక అమ్మాయి మాత్రం లేచి, "గుండె మార్చాక ఇక భయం లేనట్టేనా సార్?" అని అడిగింది. చప్పట్ల కంటె ఆ ప్రశ్నే నాకు విలువైనదిగా తోచింది.

భయం ఉంది. 1967 డిసెంబరులో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారిగా ఒక మనిషి గుండెను మరొకరికి అమర్చాడు. మరుసటి నెలలో ఆయన గుండె మార్చిన ఫిలిప్ బ్లైబెర్గ్ పంతొమ్మిది నెలలు బతికాడు. 1969లో ఆయన చనిపోయాక పరీక్షిస్తే, కొత్త గుండెలోని రక్తనాళాలు బాగా ఇరుకైపోయి ఉన్నాయి.

ఎందుకిలా జరిగింది? తెల్ల రక్తకణాలు మన ఒంటికి కాపలాదారులు. కొత్త గుండె ప్రాణం నిలిపిందని వాటికి తెలియదు. అది పరాయిదని మాత్రమే తెలుసు. అందుకే దాని రక్తనాళాల లోపలి పొరపై దాడి చేస్తాయి. ముల్లు గుచ్చుకున్నచోట వాచినట్టే అక్కడా వాపు పుడుతుంది. ముల్లు తీస్తే వాపు పోతుంది; గుండెను తీయలేం గదా! ఏళ్ల తరబడి వాపు రగులుతూ ఉంటే, నాళపు గోడ లోపలివైపుకు దళసరి అవుతుంది.

మా ఘనపూర్ ఆనకట్ట కాలువల్లో ఒకచోట పూడిక పడితే అక్కడ తవ్వి తీస్తారు. మామూలు గుండెజబ్బు చాలావరకు అటువంటిదే. స్టెంటు వేసి దారి చేయవచ్చు. మార్చిన గుండెలోనైతే కాలువ పొడవునా గట్లే లావెక్కుతాయి. ఎక్కడని తవ్వుతాం? పైగా మార్పిడిలో గుండె నరాలు తెగిపోతాయి కనుక చాలామందికి నొప్పి తెలియదు. చప్పుడు చేయని దొంగ ఇది!

కాబట్టి ముందే అడ్డుకోవాలి. 1995లో అమెరికాలోని లాస్ ఏంజలిస్ వైద్యులు తమ పరిశోధన ఫలితాలు ప్రకటించారు. గుండె మార్చిన 97 మందిలో సుమారు సగం మందికి మొదటి రెండు వారాల్లోనే ప్రావాస్టాటిన్ అనే మాత్ర మొదలుపెట్టారు. ఏడాదికి మాత్ర వాడినవారిలో 94 శాతం, వాడనివారిలో 78 శాతం జీవించి ఉన్నారు. నాళాలు ఇరుకు కావడమూ తగ్గింది. ఈ మందు కొవ్వును తగ్గించడమే కాక వాపునూ శాంతింపజేస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుండి వచ్చిన సిరోలిమస్ కూడా గోడ దళసరి కావడాన్ని నెమ్మదింపజేస్తుంది.

వాపు అనగానే అంగట్లో దొరికే నొప్పిబిళ్ళలు అనుకోకండి. అవి ఈ పనికి రావు. మార్పిడి మందులతో కలిస్తే మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అలాగని కాపలాదారులను పూర్తిగా నిద్రపుచ్చితే రోగక్రిములు చొరబడతాయి. మోతాదు నిర్ణయించడం కత్తిమీద సామే.

మన దేశంలో తొలి విజయవంతమైన గుండెమార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీలో చేసినవారు రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్. మనకది గర్వకారణమే. అయితే శస్త్రచికిత్స ఒక్కరోజు పని. కాపలా జీవితాంతం సాగాలి. ఎన్ని గుండెలు మార్చామన్నది కాదు, పదేళ్ల తర్వాత ఎన్ని కొట్టుకుంటున్నాయన్నదే విజయానికి కొలత అని నా అభిప్రాయం. రోజువారీ మందులు, ఏటేటా రక్తనాళాల పరీక్ష మెదక్ వంటి ఊళ్ల పేదలకూ అందాలి. డబ్బు లేక ఒకరు మాత్ర మానేస్తే, దుఃఖంలోనూ గుండెనిచ్చిన కుటుంబం చేసిన దానం వృథా అవుతుంది.

ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబే మీకూ చెబుతున్నాను: భయం ఉందమ్మా, ఉపాయమూ ఉంది. అవయవం మార్పించుకున్నవారు మీ ఇంట గాని, వాడలో గాని ఉంటే, "ఈరోజు మందు వేసుకున్నారా?" అని అడగండి. ఆ కాపలాలో మీరూ ఒకరవుతారు.