రెండూ ఉన్న పిల్లల సంగతేమిటి?

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నేను హైస్కూలు టీచరును. పరీక్ష పేపరు సగంలో ఆగిపోయిన పిల్లవాణ్ని చూసి ‘వీడికి ధ్యాస లేదు’ అని తేల్చేస్తుంటాం. రాసింది తప్పేమోనన్న భయంతో ఒకే లెక్కను చెరిపి, మళ్లీ రాసి, మళ్లీ చెరిపేవాడి పేపరూ పూర్తి కాదు. మొదటివాడిది ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) కావచ్చు, రెండోవాడిది ఓసీడీ (భయంతో చేసిందే మళ్లీ మళ్లీ చేయించే సమస్య) కావచ్చు. కొందరిలో రెండూ ఉంటాయి. టీచర్లకు, తల్లిదండ్రులకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పాపం, దెబ్బలు కూడా ఒకేలా పడతాయి.

ఈ తేడా డాక్టరు దగ్గరా తేలకపోతే వైద్యం దారి తప్పుతుంది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ కొందరిలో ఆందోళన పెంచవచ్చు. ఓసీడీకి ఇచ్చే ఫ్లూఓక్సెటిన్ గుణం పూర్తిగా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. మందొక్కటే చాలదు. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొంటూ, చేసిందే చేయాలన్న తపనను ఆపుకోవడం నేర్పే ఈఆర్‌పీ థెరపీ కావాలి. దానికోసం వారం వారం పట్నం రావాలంటే కూలి చేసుకునే తల్లికి సాధ్యమా?

ప్రభుత్వ మానసిక వైద్యం పొందడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ఫోన్లో మానసిక సలహా ఇచ్చే టెలీ మానస్ 14416 మంచి సేవే, కానీ నెలల తరబడి సాగే థెరపీకి అది ప్రత్యామ్నాయం కాదు.

ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈఆర్‌పీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టును నియమించండి. రెండు సమస్యలకూ ఒకేచోట పరీక్ష జరిపించండి. మందులు మధ్యలో ఆగకుండా చూడండి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు